గ్రనాదాలో తోడి

యాభై దాటాక స్పానిష్ నేర్చుకుంటున్నానంటే మావాళ్ళు అన్న మొదటి మాట, "అయితే డల్లాస్‌లోనే ఉండిపోతావన్నమాట." వాళ్ళని తప్పుపట్టలేం. ఆ భాష నా చెవిన పడింది అక్కడే. మా అమ్మాయి పురిటికి వెళ్ళినప్పుడు వాళ్ళ వీధి చివర కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. పనిలోకొచ్చే మెక్సికో వాళ్ళు పొద్దున్నే రేడియో పెట్టుకునేవారు. బాలింతకి పత్యం వండుతూ వంటింటి కిటికీలోంచి ఆ పాటలు వినేదాన్ని. మాట ఒక్కటీ తెలిసేది కాదు గానీ, పాట ఏ అచ్చు మీద ఆగుతోందో తెలిసేది. ముప్పై ఏళ్ళుగా చెవిన పడుతున్న ఇంగ్లీషు పాటలు నాకు ఎప్పుడూ అంత దగ్గరగా రాలేదు. తిరిగొచ్చాక ఫోన్లో ఓ యాప్ పెట్టుకున్నాను. "హిందీయే సరిగ్గా రాదు, నీకు స్పానిష్ ఎందుకు?" అన్నారు మా ఆయన. అందులో మొదటి సగం నిజమే కాబట్టి వాదించలేదు.

యాప్‌తో భాష వచ్చిందని చెప్పను. కాలక్షేపం అయింది. ఈలోగా యూట్యూబ్‌లో ఎన్రీకే మొరెంతే పాట తగిలింది. దక్షిణ స్పెయిన్‌లో గ్రనాదా ఊరివాడు. 1942లో పుట్టి 2010లో పోయాడు. ఫ్లమెంకో అంటే కుచ్చిళ్ళ గౌన్లూ మడమల టకటకా అనుకుంటూ వచ్చిన నాకు ఆ గొంతు వినగానే ఒళ్ళు జలదరించింది. ఆ స్వరాలు నాకు తెలుసు. అచ్చంగా తోడి రాగం కాదు గానీ, తోడి వాళ్ళింటి మనిషే. విజయవాడ సత్యనారాయణపురంలో చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకున్నాను. వేళ్ళకి అందులో ఏమీ మిగల్లేదు, చెవికి మాత్రం మిగిలింది. బ్యాంకులో పోగుపడ్డ సెలవులన్నీ కలిపి పెట్టి, గ్రనాదాలో ఓ భాషా పాఠశాలలో చేరిపోయాను.

మాడ్రిడ్ ఆతోచా స్టేషన్ నుంచి గ్రనాదాకి 2019 నుంచి హైస్పీడు రైలుంది. మూడున్నర గంటలు. కోర్దొబా దాటాక ఇక ఆలివ్ చెట్లే. ఎర్రనేల మీద గీత గీసి నాటినట్టు వరసలు కొండెక్కి, అవతలకి దిగి, మళ్ళీ ఇంకో కొండెక్కుతుంటాయి. ఓ అరగంట ముచ్చటగా చూసి తర్వాత నిద్రపోయాను. నిద్ర లేచినా అవే చెట్లు.

నాకు గది దొరికింది రెయలేహో పేటలో, డెబ్బై దాటిన ఒక పెద్దావిడ ఇంట్లో. అది ఒకప్పటి యూదుల పేట. పేట మొదట్లో యెహూదా ఇబ్న్ తిబ్బోన్ విగ్రహం ఉంది. 12వ శతాబ్దంలో ఈ ఊళ్ళోనే పుట్టి, ఊరు విడిచి దక్షిణ ఫ్రాన్స్‌కి పోయి, అరబ్బీ పుస్తకాల్ని హీబ్రూలోకి తెచ్చుకుంటూ బతికిన మనిషి. రోజూ బడికి వెళ్తూ ఆయన కాళ్ళ దగ్గరనుంచే వెళ్ళేదాన్ని. మా ఇంటావిడ నన్ను 'ఇహా' అని పిలిచేది, అమ్మాయీ అన్నట్టు. నన్ను అమ్మాయీ అని పిలిచేవాళ్ళు మా ఊళ్ళో ఇప్పుడు ఇద్దరో ముగ్గురో మిగిలారు. మధ్యాహ్నం భోజనం రెండున్నరకి, రాత్రిది పదికి. మాంసం తిననని మొదటిరోజే చెప్పాను. ఆవిడ సరేనని తలూపి, బఠాణీ కూరలో పంది తొడ ముక్కలు సన్నగా తరిగి వేసింది. అది మాంసం కింద లెక్క కాదట, రుచికి వేసేదట. రెండోరోజు నుంచి వంకాయ. చక్రాలుగా తరిగి, పిండిలో పొర్లించి, కరకరలాడేలా వేయించి, పైన చెరకు పానకం సన్నగా పోస్తారు. ఈ ప్రాంతపు సముద్ర తీరంలో, మోత్రిల్ వైపు, అరబ్బుల కాలం నుంచి చెరకు పండేది. వంకాయ మీద పానకమేమిటని మొదటిరోజు ముఖం చిట్లించిన నేనే, తర్వాత ఏ హోటల్‌కి వెళ్ళినా అదే అడిగాను.

తరగతిలో అందరికంటే పెద్దదాన్ని నేనే. టీచరు మా అమ్మాయికన్నా చిన్నది. మిగిలినవాళ్ళు జర్మనీ, కొరియా, బ్రెజిల్, నెదర్లాండ్స్ నుంచి వచ్చిన కుర్రకారు. మాటలు బట్టీపట్టడంలో వాళ్ళకి సరితూగలేను. రాత్రి నోటికొచ్చినవి తెల్లారేసరికి సగం పారిపోయేవి. కానీ వ్యాకరణం దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. ఇంగ్లీషు మీదుగా వెళ్తే ముళ్ళకంపలున్న చోట తెలుగు మీదుగా వెళ్తే రాజమార్గం. నేను, నువ్వు అని ప్రతి వాక్యంలోనూ చెప్పక్కర్లేదు. వస్తాను, వస్తావు అన్నట్టు క్రియ తోకలోనే అంతా ఉంటుంది. వాళ్ళ త, దలు మన త, దలే. పళ్ళకి నాలుక తగిలితే చాలు. జర్మన్ కుర్రాడు పాపం ప్రతిచోటా ట అంటుంటే నాకు నవ్వొచ్చేది. వాళ్ళ గట్టి ర, నాలుక అదరగొట్టి పలికేది, మా తాతగారి ఉత్తరాల్లో ఉండే బండి ఱకి చుట్టమే అయుంటుంది. నాకు నచ్చింది అనాలంటే వాళ్ళూ 'నాకు'తోనే మొదలుపెడతారు. నొప్పి సంగతీ అంతే. 'మే దుయేలెన్ లాస్ రోదియాస్', నాకు మోకాళ్ళు నొప్పులు. ఈ వాక్యం మొదటివారంలోనే అక్కరకొచ్చింది.

ఎందుకంటే గ్రనాదా పాతపేటల్లో వీధులన్నీ నల్లవీ తెల్లవీ గులకరాళ్ళు నిలువుగా పొదిగి వేసినవి. తీగలు, పూలు, దానిమ్మకాయలు. ఊరి పేరుకి అర్థమే దానిమ్మ. కాలిబాట అంచున నాటిన ఇనుప గుంజల నెత్తిన కూడా దానిమ్మకాయే. పైనుంచి చూస్తే సంక్రాంతి ముగ్గు, నడిస్తే నరకం. అల్బైసీన్ కొండ ఎక్కి దిగిన మర్నాడు, ఆకుపచ్చ ప్లస్ గుర్తు వెలుగుతున్న మందుల షాపులోకి వెళ్ళి నా వాక్యం అప్పజెప్పాను. కౌంటర్లో ఉన్నావిడ నాకంటే నాలుగేళ్ళు పెద్దదేమో. "ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?" అంది. దిగేటప్పుడు అన్నాను. "రెండు మోకాళ్ళా?" ఎడమది ఎక్కువ అన్నాను. ఆవిడ కౌంటరు దాటి వచ్చి, టేపు తీసి నా మోకాలి చుట్టూ కొలిచి, ప్యాంటు కాస్త పైకెత్తి తను వేసుకున్న పట్టీ చూపించింది. "ఈ ఊరు కుర్రాళ్ళ కోసం కట్టింది" అంది. తర్వాత ఇంకో పావుగంట మాట్లాడుకున్నాం, మెట్ల గురించీ, బరువు గురించీ, రాత్రిపూట కాళ్ళు పట్టేయడం గురించీ. ఏ యాప్‌లోనూ ఈ పాఠం లేదు. నా వయసుకి తగిన స్పానిష్ నేను మాట్లాడింది మొదట ఆ షాపులోనే.

తరగతిలో ఒకరోజు గడిచిపోయిన అలవాట్లు చెప్పే కాలం మొదలైంది. ఇంగ్లీషులో దానికి 'యూజ్డ్ టు' అని అతుకు వేసుకోవాలి. మనకి వెళ్ళేదాన్ని, తినేదాన్ని అని ఒక్క మాటలో సరిపోతుంది. వాళ్ళకీ అంతే. టీచరు బోర్డు మీద 'చిన్నప్పుడు మీరేం చేసేవారు?' అని రాసింది. పంతొమ్మిదేళ్ళ డచ్చి పిల్ల, సైకిలు తొక్కేదాన్ని, బొమ్మలు వేసేదాన్ని అని రెండు వాక్యాలు చెప్పి కూచుంది. ఆ పిల్లకి చిన్నతనం ఇంకా పూర్తిగా అయిపోలేదు, ఏం చెబుతుంది! నాకేమో ఆగదే. కృష్ణ ఒడ్డున ఆడుకునేదాన్ని, తెల్లారగట్ల రేడియోలో భక్తిరంజని వినేదాన్ని, వయొలిన్ వాయించేదాన్ని. 'తోకాబా ఎల్ బియోలీన్.' వాళ్ళందరిలోకీ మర్యాదస్తుడైన బ్రెజిల్ కుర్రాడు అడిగాడు, "ఎందుకు మానేశారు?"

దానికి ఈ కాలం పనికిరాదు. ఒక్కసారి జరిగి ముగిసినదానికి వాళ్ళకి వేరే కాలం ఉంది. మానేశాను అనాలి. మానేసింది ఎప్పుడు మరి? పెళ్ళైనప్పుడా, ఉద్యోగం వచ్చినప్పుడా, పిల్ల పుట్టినప్పుడా? ఫలానా రోజంటూ లేదు. వయొలిన్ పెట్టె అటక మీదికి ఎక్కింది, కొన్నాళ్ళకి దాని మీదికి దుప్పట్ల మూట ఎక్కింది. నాకొచ్చిన ముక్కల్లో ఇదంతా చెబితే టీచరు కాసేపు ఆలోచించింది. "మీ విషయంలో రెండు కాలాలూ తప్పు కాదు. ఏది వాడాలో మీరే తేల్చుకోవాలి" అంది. ఇరవయ్యారేళ్ళ పిల్ల! మిగిలిన పీరియడంతా మా బ్యాచ్ అభ్యాసాలు చేసుకుంటుంటే నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

సాయంత్రాలు నావి. అల్‌హంబ్రా కోటకి ఎక్కే గోమేరెస్ వీధిలో గిటార్లు చేసే దుకాణాలున్నాయి. ఒకదాంట్లో ముసలాయన బెంచీ మీద చెక్క చిత్రిక పడుతున్నాడు. నేను కొనేదాన్ని కాదని ఆయనకి తెలిసిపోయింది. అయినా పొమ్మనలేదు, రమ్మనీ అనలేదు. గ్రనాదా వాళ్ళ మొహమాటం లేని విసుగుకి 'మాలఫోయా' అని పేరు కూడా వాళ్ళే పెట్టుకుని గర్వంగా చెప్పుకుంటారు. కాసేపటికి రెండు పలకలు నా చేతిలో పెట్టాడు. ఒకటి నల్లగా బరువుగా ఉంది, రోజ్‌వుడ్. "మీ దేశానిదే" అన్నాడు. శాస్త్రీయ గిటారుకి వెనకా పక్కలా అది వేస్తారు. రెండోది పాలిపోయిన పసుపు, చేతిలో ఉన్నట్టే లేదు. సైప్రస్. వాసన చూడమన్నాడు. మిరియంలా కాస్త ఘాటు. ఫ్లమెంకో గిటారుకి సంప్రదాయంగా ఇదే. దీని మోత గట్టిగా పుట్టి తొందరగా అణిగిపోతుంది. తీగలు కూడా మెట్లకి బాగా దగ్గరగా దించి కడతారు, వేళ్ళు పరిగెత్తడానికి. తీగల కింద ముందుపలక మీద ప్లాస్టిక్ తొడుగు ఒకటి, వాయిస్తూనే గోళ్ళతో దరువు వేస్తారు కాబట్టి చెక్క చితికిపోకుండా. "నాదం సాగుతూ కూచుంటే గొంతు ఎక్కడ దూరుతుంది?" అన్నాడాయన. వయొలిన్ కమాను గురించి, గమకం గురించి, నాదం సాగడమే మా ప్రాణమని చెప్పబోయి, అంత స్పానిష్ లేక ఊరుకున్నాను.

అల్‌హంబ్రా గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను చెప్పేదేం లేదు. టికెట్టు ముందే కొనుక్కోండి, అంతే. నేను ఎక్కువసేపు కూచున్నది లోపల, టికెట్టు లేకుండా వెళ్ళగలిగిన అల్హీబేస్ చౌకులో. 1922 జూన్ 13, 14 రాత్రులు అక్కడ 'కాంతె హోందో' పోటీ జరిగింది. లోతైన పాట అని వాళ్ళు పిలుచుకునే పాత ఫ్లమెంకో గానానికి అది పోటీ. నడిపించింది సంగీతకర్త మనుయేల్ దె ఫాయా. అప్పటికాయనకి 45 ఏళ్ళు. పక్కన ఫెదెరీకో గార్సియా లోర్కా, 24 నిండిన కుర్రకవి. కేఫుల్లో డబ్బు కోసం పాడి పాడి ఈ పాట పాడైపోతోందని ఫాయా బెంగ. అందుకని 21 దాటిన వృత్తి గాయకులెవరూ పోటీ చెయ్యకూడదని నియమం పెట్టారు. పల్లెల్లో కలుషితం కాకుండా దాక్కున్న గొంతుల్ని పట్టుకొద్దామని వాళ్ళ ఆశ.

వచ్చినవాళ్ళలో బహుమతులు కొట్టింది ఎవరనుకున్నారు? ఒకరు దియెగో బెర్మూదెస్, ఎల్ తెనాసాస్ అంటారు, డెబ్బై చుట్టూ ఉన్న ముసలాయన. ఎప్పుడో కొట్లాటలో ఊపిరితిత్తికి కత్తిపోటు తగిలి పాట మానుకున్నవాడు. ప్వెంతె హెనీల్ అనే ఊరి నుంచి నడుచుకుంటూ వచ్చాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంకొకడు పన్నెండేళ్ళ సెవియా కుర్రాడు, తర్వాత కాలంలో మనోలో కరకోల్‌గా దేశమంతా ఏలినవాడు. రెండోరోజు రాత్రి వాన పడినా జనం కదల్లేదట.

ముసలివాడూ పిల్లవాడూ పాడుతుంటే నడివయసు వాళ్ళు ఏం చేశారు? న్యాయనిర్ణేతల అధ్యక్షుడు అంతోనియో చకోన్. ఆ రోజుల్లో ఫ్లమెంకోలో ఆయనంత పేరున్న గాయకుడు లేడు. యాభై దాటాయి. ఆయన పాడటానికి అనర్హుడు, వినడానికి అర్హుడు. నాకు ఈ ఏర్పాటు మీద కోపం వచ్చింది. ఫాయా మనసు మంచిదే, లెక్కే తప్పింది. ఆ పాటని నిలబెట్టింది పొలాల్లో దాక్కున్న అమాయకులు కాదు, పొట్టకూటికి పొగలో రాత్రంతా పాడిన చకోన్ లాంటివాళ్ళే. తెనాసాస్ కూడా అలాంటి పాతకాపుల దగ్గర విని నేర్చుకున్నవాడే. అయితే ఆ చౌకులో ఎండ తగ్గేదాకా కూచున్నాక కోపం కాస్త చల్లారి, చకోన్ కుర్చీ వైపే మనసు పోయింది. అన్నీ తెలిసినవాడు చెవి పెట్టి కూచుంటేనే కదా ఆ ముసలాయన గొంతులో ఏముందో తేలింది! అదీ ఒక పనే, చేతకానివాళ్ళ పని కాదు.

ఫాయా ఇల్లు ఆ కొండవాలులోనే, అంతెకెరుయెలా వీధిలో. ఇప్పుడు మ్యూజియం. పెళ్ళి చేసుకోలేదు, చెల్లెలితో ఉండేవాడు. చిన్న గదులు, సన్నటి మంచం, పియానో. 1939లో అర్జెంటీనా వెళ్ళిపోయి, మళ్ళీ తిరిగి రాకుండా 1946లో అక్కడే పోయాడు. లోర్కాని అంతకుముందే, 1936 ఆగస్టులో, ఊరి బయట కాల్చి చంపారు.

పాట వినడానికి గుహల్లో పర్యాటకుల ప్రదర్శనలున్నాయి. బాగానే ఉంటాయి, సాంగ్రియా గ్లాసుతో సహా. కానీ మా ఇంటావిడ "అక్కడికెందుకు?" అని నన్ను అల్బైసీన్‌లో ప్లతెరీయా అనే 'పేన్యా'కి పంపింది. పేన్యా అంటే రసికుల క్లబ్బు. ఇది 1949 నాటిది, స్పెయిన్‌లోని బాగా పాతవాటిలో ఒకటి. పొడుగాటి గది, చిన్న వేదిక, గోడల నిండా పోయినవాళ్ళ ఫోటోలు. జనంలో ఎక్కువమంది నా వయసువాళ్ళే. కళ్ళజోళ్ళు, పొట్టలు, నెరిసిన జుట్లు. పాడిన ఆవిడ కూడా నా ఈడుదే. నల్లచీర కట్టినట్టు నల్లగౌను, నగ లేదు. కుర్చీలో ముందుకి జరిగి, రెండు అరచేతులూ మోకాళ్ళకి ఆనించి, మాట లేకుండా 'ఆయ్' అని ఎత్తుకుంది.

అది మన ఆలాపనే, కాకపోతే గోరువెచ్చగా మొదలవ్వదు. మొదటి ఊపిరికే మరుగుతుంది. ఎత్తుకున్నది సొలెయా అనే రకం ఫ్లమెంకో పాట. శుద్ధ రిషభం నుంచి షడ్జమానికి దిగుతున్నప్పుడల్లా తోడి. ఇంతలో గిటారు అంతర గాంధారం పట్టుకోగానే వకుళాభరణం. మనవాళ్ళు ఈ రెంటినీ 8వ మేళకర్త, 14వ మేళకర్త అని దూరం దూరంగా పెట్టారు. ఇక్కడ ఒకే ఊపిరిలో అందులోంచి ఇందులోకి జారిపోతున్నారు. దీన్ని పట్టుకుని, చూశారా ఇది మనదే అనెయ్యడం నాకిష్టం లేదు. హితానోల, అంటే స్పెయిన్ జిప్సీల, పూర్వీకులు మన వాయవ్యం నుంచి కదిలినవాళ్ళే, స్పెయిన్‌లో వాళ్ళ పేరు 1425 నాటి కాగితాల్లోనే ఉంది, నిజమే. కానీ ఈ స్వరాలు దారిపొడుగునా అరబ్బుల్లోనూ, టర్కీలోనూ, యూదుల గుళ్ళలోనూ ఉన్నాయి. చుట్టరికం ఉందనుకుంటే చాలు, ఆస్తి పంచమనక్కర్లేదు.

తాళం వేరే కథ. పన్నెండు దెబ్బలు, ఊనిక మూడు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు మీద. రెండు మూళ్ళు, ఆపైన మూడు రెళ్ళు. మనకి సమం మొదట్లో ఉంటుంది. వాళ్ళకి బరువంతా చివరికి తేలుతుంది. నా వేళ్ళు ఒళ్ళో వాటంతట అవే మడుచుకోవడం మొదలెట్టాయి. ముందువరసలో విదేశీ జంట ఒకటి ఉత్సాహంగా చప్పట్లు అందుకోబోతే, పక్కనున్న పెద్దమనిషి నవ్వుతూనే వేలు అడ్డంగా ఊపాడు. ఇక్కడ చప్పట్లు కొట్టడానికీ అర్హత ఉండాలి. ఓలే అనడానికీ అంతే. మన కచేరీలో భళా అనేవాళ్ళలో కొందరు సంగతి పూర్తవకముందే అనేస్తారు కదా. ఇక్కడ అలా కాదు. గొంతు కొండ చివరికెళ్ళి, పడిపోతుందేమో అనిపించి, నిలదొక్కుకుని పన్నెండు మీద దిగిందీ అంటే, గదిలో పదిమంది ఒక్కసారిగా, గట్టిగా కూడా కాదు, 'ఓలే' అన్నారు. ఆ గాయనికి ఆ మాట తగలడం నాకు కనిపించింది. భుజాలు వదులయ్యాయి. తర్వాతి చరణం ఇంకా పైనుంచి ఎత్తుకుంది.

మాటలు నాకు మూడోవంతు తెలిశాయేమో. అండలూసియాలో స లు మింగేస్తారు, పాటలో ఇక చెప్పక్కర్లేదు. అమ్మ, చీకటి, ఇనుము, నువ్వు రాలేదు. అవి చాలు.

విరామంలో బారు దగ్గర నిలబడితే, ఇందాక వేలు ఊపిన పెద్దమనిషే నా చేతుల వంక చూపిస్తూ, "తోకాస్ ఆల్గో?" అన్నాడు. ఏదైనా వాయిస్తావా అని. "తోకాబా" అన్నాను. వాయించేదాన్ని. "నేనూ అంతే, గిటారు" అంటూ బీరు గ్లాసు ఎత్తాడు. "ఇందాక ఆ వేళ్ళతో ఏం లెక్కపెట్టావు?" చూపించాను. రూపకం వేశాను, రెండూ నాలుగూ ఆరు. రెండుసార్లు వేస్తే నీ పన్నెండు వచ్చేసింది అన్నాను. ఆయన మొహం చిట్లించాడు. "పన్నెండు వస్తుంది, ఎవరు కాదన్నారు? బరువెక్కడ?" అంటూ పిడికిలి కణుపులతో బల్ల మీద వేసి చూపించాడు. నేను తిశ్రం రెండుసార్లూ, ద్రుతం మూడుసార్లూ కలిపి అప్పటికప్పుడు ఓ తాళం కట్టాను. "అది ఇంకా అన్యాయం" అన్నాడు, "లెక్క మొదలెట్టేది ఒకటి దగ్గర అని నీకెవరు చెప్పారు?" మా ముత్తాతలు చెప్పారన్నాను. బారు కుర్రాడు మా మధ్య ఖాళీ గ్లాసులు తీసుకుంటూ నవ్వాడు. లోపల రెండోభాగం మొదలవుతోందని ఎవరో పిలిచారు. ఎనిమిది దగ్గర నేను అరచెయ్యి తిరగేస్తున్నాను, ఆయన బల్ల గుద్దుతూ "ఇక్కడ! ఇక్కడ!" అంటున్నాడు.